పటం అడుగున ఉన్న అక్షరాలు

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది చిత్తూరు. మా మామగారికి ఇక్కడ బట్టల అంగడి ఉండేది. ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటింది. ఇల్లు అమ్ముదామని మొన్న అటక మీది రెండు ట్రంకు పెట్టెలు దించాము. నిండా పటాలు. జరీ అంటించిన లక్ష్మీదేవి, అడుగున ‘ప్రింటెడ్ ఇన్ జర్మనీ’ అని ఉన్న కృష్ణుడు, బావాజీ స్వామివారితో పాచికలాడే పటం, బట్టల బేళ్ళకు అంటించి వచ్చే రంగు కాగితాలు, అగ్గిపెట్టె బొమ్మలు. గాంధీగారు, భరతమాత, సినిమా వాళ్ళ క్యాలెండర్లు కూడా ఉన్నాయి. లెక్క పెడితే 212. అమెరికాలో ఉన్న మా అబ్బాయి, మంచివి నాలుగు నేను తెచ్చుకుంటాను, మిగతావి ఎవరికైనా ఇచ్చెయ్యమంటాడు. మా మరిది, పూజ చేసిన పటాలను మ్యూజియంలో పెడితే పాపం, రావిచెట్టు కింద పెట్టి దణ్ణం పెట్టుకొని రమ్మంటాడు. చెన్నై నుంచి ఒకాయన వచ్చి అన్నీ కలిపి 40 వేలు ఇస్తానన్నాడు. నాకేమో మ్యూజియానికి ఇస్తే నలుగురూ చూస్తారని ఆశ. తీసుకుంటారా? తీసుకొని గోడౌన్లో పడేస్తారేమోనని ఒకటే టెన్షన్.
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు ఆ రెండు పెట్టెల మూతలూ వేసి తాళం చెవి మీ కొంగున కట్టుకోండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

మీ మరిదిగారి మాట తీసిపారేసేది కాదు. మన ఊళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు అదే అంటారు. అయితే కాగితం పటానికి మామూలుగా ఎవరూ ప్రాణప్రతిష్ఠ చెయ్యరు కదా. చేసిన మట్టి వినాయకుడికి కూడా ‘యథాస్థానం’ అని, ‘పునరాగమనాయ చ’ అని ఉద్వాసన చెప్పి, అక్షింతలు వేసి కదిలిస్తాం. మనసు ఒప్పకపోతే మీ పురోహితుణ్ణి పిలిపించి ఆ నాలుగు మాటలూ చెప్పించండి, సరిపోతుంది. రావిచెట్టు కింద పెట్టిన పటం ఏమవుతుందో కపిలతీర్థం దారిలో నడిచే అలవాటున్న నాకు బాగా తెలుసు. రెండు వానలకు అట్ట ఉబ్బుతుంది. మేక వచ్చి అంచు నములుతుంది. గాజు పగిలి ఏ పిల్లవాడి కాలికో దిగుతుంది. దానికంటే మ్యూజియం బీరువా అన్ని విధాలా శుభ్రమైన చోటు.

ఇక పెట్టెలో ఉన్నదాని సంగతి. దీన్ని గురించి మాట్లాడే ముందు నేను చేసిన పాపం ఒకటి చెప్పాలి.

మా నాయనకు తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడికి నాలుగడుగుల దూరంలో, పటాలు కట్టే అంగడి ఉండేది. బడి వదలగానే నా చేతికి కత్తెర వచ్చేది. మా దగ్గర ఫ్రేములు మూడు సైజులే. పటం అడుగున తెల్ల అంచు మిగిలితే ఫ్రేములో పట్టదు. ఆ అంచును కత్తిరించి గంపలో వేసేవాణ్ణి. దాని మీద చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలో, ఏదో అంగడి పేరో ఉండేది. ‘దేవుడి పాదాల కింద బీడీల కంపెనీ పేరేందిరా, తీసెయ్’ అనేవాడు మా నాయన. రోజుకు పదీ పదిహేను చొప్పున ఆరేళ్ళు కత్తిరించాను. సాయంత్రానికి ఆ గంప పక్కనున్న టీ అంగడి పొయ్యిలోకి పోయేది. పటం పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆ అంచులోనే ఉంటాయని తెలిసేసరికి నేను డ్రాయింగు మాస్టరుగా సగం సర్వీసు పూర్తి చేశాను.

మీ మామగారు బట్టల వ్యాపారి కాబట్టి చాలా పటాలను ఫ్రేము కట్టించకుండానే దాచి ఉంటారు. అంటే అంచులు అలాగే ఉంటాయి. మీ పెట్టె విలువ నా దృష్టిలో సగం అదే.

ఒక్కొక్కటీ తీసి అడుగు అంచు చదవండి. ‘రవివర్మ ప్రెస్, కార్లా–లోనావ్లా’ అని ఉందా? రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టించాడు. తర్వాత ఆ ప్రెస్సు లోనావ్లా దగ్గరున్న మళవ్లీకి మారింది. ఆపైన ఆయన దాన్ని తన దగ్గరే పనిచేసిన ష్లైషర్ అనే జర్మనీ దేశస్థుడికి అమ్మేశాడు. కాబట్టి లోనావ్లా పేరున్న పటం బొంబాయి రోజులది కాదు. రవివర్మ 1906లో పోయాడు, ఆయన బొమ్మలు ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు అచ్చవుతూనే ఉన్నాయి. ‘మా లక్ష్మి రవివర్మ చేత్తో వేసింది’ అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఒక్కో రంగుకు ఒక్కో రాయి మీద బొమ్మ గీసి, ఒకదాని మీద ఒకటి అచ్చొత్తి, పైన వార్నిష్ పూస్తే నూనెరంగుల చిత్రంలా మెరిసేది. రాజుల గోడల మీద ఉండే లక్ష్మి బట్టల వ్యాపారి ఇంటికి వచ్చిందంటే ఆ రాళ్ళ పుణ్యమే.

‘బ్రిజ్‌బాసీ, కరాచీ’ అని పటాల కంపెనీ పేరుంటే అది దేశం చీలక ముందుది. మీ కృష్ణుడిలాగా జర్మనీలో అచ్చయి ఓడెక్కి వచ్చిన దేవుళ్ళు మనకు బోలెడు. బేళ్ళ మీది రంగు కాగితాలు మాంచెస్టరు నుంచి వచ్చేవి. చదువు రానివాడు కూడా బొమ్మ చూసి ఫలానా మిల్లు బట్ట అని గుర్తుపట్టాలని దేవుళ్ళనీ, ఏనుగుల్నీ, పులుల్నీ అచ్చేసి అంటించేవాళ్ళు. అగ్గిపెట్టెల మీద దేవుళ్ళను స్వీడన్ వాళ్ళూ, జపాన్ వాళ్ళూ కూడా వేశారు. మన శివకాశి కూడా అగ్గిపెట్టె లేబుళ్ళతో చెయ్యి తిరిగాకే క్యాలెండర్లకు రాజధాని అయింది.

అంగడి పేరుతో ఉన్న క్యాలెండర్లకు తేదీ చిరిగిపోయినా కాలం పట్టుకోవచ్చు. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది అనుకోండి, నయాపైసలు వచ్చింది అప్పుడే. చిత్తూరు చిరునామాలో మద్రాసు రాష్ట్రం అని ఉంటే 1953 అక్టోబరుకు ముందుది. పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది. ఫోను నంబరు రెండంకెలే ఉంటే దాన్ని నాకోసమైనా ఒక ఫొటో తీసి ఉంచండి.

బావాజీ పటం ఉందన్నారు, నాకు నిద్ర పట్టలేదు. తిరుమల ఆలయం పెత్తనం 1843 నుంచి 1933 దాకా ఈ బావాజీ పేరనే ఉన్న హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. ఆ తర్వాతే దేవస్థానం బోర్డు వచ్చింది. స్వామి పాచికలాడుతున్న ఆ పటం మఠం రోజుల్లో అచ్చయిందా, తర్వాత భక్తుల కోసం ఎవరో వేసిందా అన్నది తేల్చేది మళ్ళీ ఆ అడుగు అంచే. దానిమీద చెయ్యి వెయ్యకండి.

వేంకటేశ్వరస్వామి పటాలు ఎన్ని ఉంటే అన్నీ విడిగా ఒక కట్ట కట్టండి. లోపల మూలవిరాట్టును ఫొటో తియ్యనివ్వరు. అందువల్ల మన ఇళ్ళలో ఉన్న స్వామి దాదాపు ప్రతి రూపమూ ఏదో ఒక చిత్రకారుడు తను దర్శించుకున్నట్టో, విన్నట్టో గీసినదే. నామం ఎంత వెడల్పు, కళ్ళు ఎంత కనిపిస్తున్నాయి, పక్కన అమ్మవార్లున్నారా లేదా, కిరీటం ఏ తీరు అని పదేళ్ళకొకటి వరసగా పేర్చి చూస్తే అది ఎక్కడా రాయని చరిత్ర. ఒక ఇంట్లో ఒక్క పటం ఉంటే అది పూజకు. ఇరవై ఉంటే అది చదువుకు.

లక్ష్మీదేవికి జరీ, తళుకులు అంటించింది ఎవరు? చాలా ఇళ్ళలో ఆడవాళ్ళే పాత చీర అంచు కత్తిరించి అమ్మవారికి చీర కట్టేవారు. మీ అత్తగారు చేసి ఉంటే ఆమె పేరు, ఏ పండక్కి చేసిందో గుర్తున్నంత రాసి పెట్టండి. ఆ పటం కింద రవివర్మ పేరెంతో ఆమె పేరూ అంతే. గంధం బొట్లు, కుంకుమ, హారతి పొగ మరక ఏదీ తుడవద్దు. తడిగుడ్డ పెట్టారంటే రంగు దానితోనే వస్తుంది. అది మురికని మీరనుకుంటారు. ఈ పటానికి ఇన్నేళ్ళు దీపం పెట్టారని చెప్పే సాక్ష్యం ఇంకెక్కడుంది?

ఇలాంటి వాటిని మ్యూజియాలు తీసుకుంటాయా అన్నారు. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో కలకత్తా ఆర్ట్ స్టూడియో, పూనా చిత్రశాల, రవివర్మ ప్రెస్ అచ్చులున్నాయి. ఇష్టపడి పోగు చేసినవాళ్ళు కానుకగా ఇవ్వగా చేరినవే వాటిలో చాలా. ఒక్కొక్క దానికీ ఎవరి కానుక, ఏ సంవత్సరం అని రాసి ఉంటుంది. డేనియల్ స్మిత్ అనే అమెరికా ప్రొఫెసరు పాంచరాత్ర ఆగమం మీద పనిచేశాడు. మన తిరుచానూరు అమ్మవారికి పూజ జరిగేది ఆ ఆగమం ప్రకారమే. ఆ మనిషే మన బజార్లలో దేవుడి పోస్టర్లు వేలల్లో కొని దాచాడు. అవిప్పుడు సిరక్యూస్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉన్నాయి. మన అంగళ్ళలో దొరికిన కాగితాలు చూడ్డానికి మన పిల్లలు అంత దూరం పోవాలా అని నాకు కొంచెం ఉడుకుమోత్తనం ఉంది, దాచుకోను.

దగ్గర్లో ఎక్కడంటే, చంద్రగిరి రాజమహల్ మ్యూజియం రాతి, లోహ విగ్రహాలకు పేరు, కాగితానికి కాదు. తిరుమల మీద దేవస్థానం వాళ్ళ ఎస్.వి. మ్యూజియం ఉంది. స్వామి పటాలు, బావాజీ పటం వాళ్ళకు రాసి అడగవచ్చు. చిత్తూరు ఒకప్పుడు మద్రాసుదే కాబట్టి 1851 నాటి ఎగ్మూరు మ్యూజియం కూడా మనకు పరాయిది కాదు. హైదరాబాదులో సాలార్‌జంగ్ ఉంది, అది పుట్టిందే ప్రధానంగా ఒక్క మనిషి సేకరణలోంచి. పెట్టెలు ఆటోలో వేసుకొని పోవద్దు. ముందు ఉత్తరం రాయండి. 212 ఉన్నాయని, ఏయే రకాలని చెప్పి, ఇరవై పటాల ఫొటోలు అంచుతో సహా కనబడేలా జత చెయ్యండి. అవసరం లేదని జవాబు వస్తే చిన్నబుచ్చుకోకండి, ఇంకొకరికి రాయండి.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ చెబుతాను. చాలా ఏళ్ళ కిందట మా నాయన అంగడిలో అంచు కత్తిరించకుండా మిగిలిన 34 పటాలను ఒక మ్యూజియానికి ఇచ్చాను. పేరు వద్దు. టీ ఇచ్చారు, శాలువా కప్పారు, ఫొటో తీశారు. రసీదు అడగడానికి నాకు మొహమాటం వేసింది. నాలుగేళ్ళ తర్వాత చూద్దామని పోతే అప్పటి ఆఫీసరు బదిలీ అయిపోయాడు. రిజిస్టరులో నా పేరూ లేదు, పటాలూ లేవు. ‘చూస్తాం సార్’ అన్నారు. తిరిగి వస్తుంటే ఒక గదిలో కుర్చీ వెనక గోడకు, సరిగ్గా కిటికీ ఎండ పడేచోట, మా పటం ఒకటి కనబడింది. ఎరుపూ పసుపూ ఎగిరిపోయి స్వామి మొత్తం నీలంగా ఉన్నాడు. తక్కిన 33 నాకు మళ్ళీ కనబడలేదు.

అందుకని మొహమాటం వద్దమ్మా. ఇల్లు రాసిచ్చినట్టు దీనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఇలాంటి వస్తువుల విషయంలో ఇచ్చే ఉద్దేశంతో చేతికిస్తే, వాళ్ళు పుచ్చుకుంటే దానం పూర్తయిపోతుంది. అంత సులువుగా పూర్తవుతుంది కాబట్టే కాగితం కావాలి. ఇంట్లోనే ఒక నోటుబుక్కులో 212కీ నంబర్లు వేసి జాబితా రాయండి. ప్రతి పటం వెనక మూలన అదే నంబరు మెత్తటి పెన్సిలుతో రాయండి, పెన్నుతో కాదు. దానపత్రానికి ఆ జాబితా జత చేసి, ప్రతి పేజీ మీద ఇద్దరూ సంతకాలు చెయ్యాలి. రిజిస్టరులో ఎక్కించాక వాళ్ళిచ్చే నంబర్లు మీకు రాతపూర్వకంగా ఇవ్వాలని, వాళ్ళకు అక్కర్లేనివి మీకే తిరిగి ఇవ్వాలని, సేకరణ మొత్తం మీ మామగారి పేరుతో ఒకే చోట ఉండాలని అడగండి. ‘ఎప్పుడూ గోడకు వేలాడదీసే ఉంచాలి’ అని మాత్రం షరతు పెట్టకండి. తెలిసిన మ్యూజియం ఏదీ ఒప్పుకోదు, ఒప్పుకున్నవాళ్ళను నమ్మకూడదు.

ఎందుకంటే మీరు గోడౌన్ అని భయపడే ఆ చీకటే కాగితానికి ఆయుష్షు. కాగితం మీది రంగులకు యాభై లక్సుల వెలుతురే ఎక్కువ, అంటే మన పూజగదిలో చిన్న బల్బంత. మంచి మ్యూజియాలు పటాన్ని కొన్ని నెలలు బయట పెట్టి, మళ్ళీ ఏళ్ళ తరబడి సొరుగులో పడుకోబెడతాయి. తిరుమలలో ఉగ్ర శ్రీనివాసమూర్తి ఊరేగింపుకు వచ్చేది ఏడాదికి ఒక్కసారి, కైశిక ద్వాదశినాడు, అదీ సూర్యోదయానికి ముందే. లోపలున్నంత మాత్రాన ఆయన్ని పడేశారని ఎవరైనా అంటారా?

మీ మరిదిగారి దగ్గరికి మళ్ళీ వస్తాను. పెట్టెలు మామగారివి కాబట్టి వారసులందరికీ హక్కుంటుంది. దానపత్రం మీద ఆయన సంతకం కూడా కావాలి. అందుకని ఆయన్ని గెలవాలని చూడకండి, కూర్చోబెట్టి పటాలు చూపించండి. వాళ్ళ నాన్న అంగడి పేరున్న క్యాలెండరు ఒక్కటైనా ఆ పెట్టెలో ఉండే ఉంటుంది. మొదట అది ఆయన చేతిలో పెట్టండి.

అబ్బాయికి చెప్పండి, నూరేళ్ళు దాటిన కళావస్తువును సూట్‌కేసులో పెట్టుకొని దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. పైగా రవివర్మ చిత్రాలను ప్రభుత్వం 1979లో జాతీయ కళానిధిగా ప్రకటించింది. ఇది అచ్చు కాగితమే సార్ అని అర్ధరాత్రి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళతో వాదించడం ఎందుకు? సినిమా క్యాలెండరు ఒకటి తీసుకుపొమ్మనండి.

నలభై వేల ఆయన సంగతి. అమ్ముకోవడం తప్పని నేను అనను, అవసరం ఎవరికైనా ఉంటుంది. కానీ ఆయన లక్ష్మినీ కృష్ణుణ్ణీ విడదీసి అమ్ముకుంటాడు, బేళ్ళ కాగితాలు ఎక్కడ పోతాయో తెలియదు. చిత్తూరులో ఒక బట్టల వ్యాపారి ఏం కొన్నాడు, దేనికి మొక్కాడు, ఏది ముచ్చటపడి దాచాడు అన్నది గాంధీగారితో, సినిమా తారలతో సహా 212 కలిసి ఉంటేనే తెలుస్తుంది. మ్యూజియానికిస్తే డబ్బు రాదు. ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు కూడా రాదు, అది డబ్బు రూపంలో ఇచ్చే విరాళాలకే. ఎవరైనా వస్తుందని ఆశ పెడితే నమ్మకండి.

అన్నీ ఇచ్చెయ్యాలని లేదు. మీరు రోజూ దీపం పెట్టుకునేది ఏదైనా ఉంటే దాన్ని ఉంచేసుకోండి. జాబితాలో దాని ఎదురుగా ‘ఇంట్లో ఉంది’ అని రాస్తే చాలు.

ప్రశ్న: మా ఇంట్లో రవివర్మ సరస్వతి పటం ఉంది. పాత అచ్చా, ఈమధ్య ఆఫ్‌సెట్‌లో వేసిందా తెలుసుకోవడం ఎలా?
— ఒక విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: గడియారాలు బాగుచేసేవాళ్ళ దగ్గరుండే భూతద్దం పది నిమిషాలు అడిగి తీసుకో నాయనా. అమ్మవారి చెంప మీద పెట్టి చూడు. చుక్కలు వరసగా, పువ్వుల్లా గుండ్రంగా సర్దుకొని కనబడితే ఆఫ్‌సెట్. ఎవరో చేత్తో పొడిచినట్టు పెద్దవీ చిన్నవీ అడ్డదిడ్డంగా ఉంటే రాయి అచ్చు. మీ ఊళ్ళో కలంకారీ వేసేవాళ్ళను అడిగినా చేతి చుక్కకూ యంత్రం చుక్కకూ తేడా చిటికెలో చెబుతారు. రవివర్మ బొమ్మలకు కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఎవరైనా మళ్ళీ వేసుకోవచ్చు, వేస్తూనే ఉన్నారు. క్యాలెండర్లకు దేవుళ్ళ బొమ్మలు వేసిన కోవిల్‌పట్టి కొండయ్యరాజు 1976లో పోయాడు, ఆయన బొమ్మలకు మాత్రం 2036 ఆఖరు దాకా ఉంటుంది. పటం నీదైనంత మాత్రాన దాన్ని అచ్చేసి అమ్మే హక్కు రాదు.

ప్రశ్న: మా అవ్వ కాలంనాటి పటం గాజుకు అంటుకుపోయింది. వెనకనుంచి నీళ్ళు చల్లి తీయవచ్చా? సెలోటేపు వేసిన చిరుగులు కూడా ఉన్నాయి.
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: నీళ్ళు వద్దు. టేపు కూడా మీరు లాగకండి, దాని వెంట రంగు వస్తుంది. వెనకున్న చెక్కకు తుప్పు మేకులుంటే అవి మాత్రం పట్టకారుతో మెల్లగా తీసేసి, చెక్కను పక్కన పెట్టండి. కాగితంలోకి గోధుమరంగు దిగేది ఎక్కువగా ఆ చెక్కలోంచే. గాజుతో సహా పటాన్ని పాత నూలు పంచెలో చుట్టి, బోర్లా పెట్టకుండా, బీరువాలో పరచి ఉంచండి. కలరా ఉండలు కాగితానికి తగలనివ్వకండి. గాజు నుంచి విడదీయడం కాగితం బాగుచేసే పని తెలిసినవాళ్ళే చెయ్యాలి. అటువంటి మనిషి దొరికేదాకా అది గాజుకు అంటుకునే ఉండనివ్వండి.